తోడు లేకుండా పిల్లలు పెట్టిన ట్రఫుల్

ఆత్మకూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. నా పరిశోధన ట్రఫుల్ మీద. అది మట్టిలోపల చెట్ల వేళ్లను పట్టుకుని పెరిగే పుట్టగొడుగు. మన వైపు దొరకదు. మా గైడు గారు పంపిన చిన్న ముక్కను కాలేజీ ల్యాబులో గాజు పళ్లేల్లో పెంచేదాన్ని. పెంచేదాన్ని అనడమే గాని, అది పెరిగితేగా! నెలకు గోరంత.

ఒక సోమవారం ఒక పళ్లెంలో తెల్లటి దారాల మీద లేత గోధుమరంగు పొడి కనిపించింది. బూజు పట్టిందనుకున్నాను. ప్రాణం ఉసూరుమంది.

"భాయ్, దీన్ని పారేసి కడిగేయండి," అని మా అటెండరుకు ఇచ్చాను. అనుమసముద్రంపేట నుంచి వచ్చే పెద్దాయన. పళ్లెం వెలుతురుకు ఎత్తి చూశారు.

"బూజు కాదు మేడమ్ ఇది. బూజైతే రెండు దినాల్లో పళ్లెమంతా పాకిపోతాది. ఎన్ని కడిగినానో, నాకు తెలీదా? ఇది మీ పుట్టగొడుగు మీదనే ఉండాది. అంచు దాటలేదు చూడండి."

మైక్రోస్కోపు కింద పెట్టాను. దారాల కొసలు కొమ్మలు కొమ్మలుగా చీలి, వాటికి గుత్తులుగా సిద్ధబీజాలు! మామూలుగా రెండు రకాల దారాలు జతకూడితేనే ట్రఫుల్ కాయ కట్టి, దానిలో బీజాలు పుడతాయి. ఇక్కడ ఉన్నది ఒక్క రకమే. జత లేదు, కాయ లేదు. బీజాలు మాత్రం ఉన్నాయి.

"ఇప్పుడే ఎవరికీ చెప్పకండి భాయ్."

"చెప్తే మాత్రం ఎవరికి అర్థమయితాది మేడమ్?"

శుభ్రంగా ఉన్న అంచు నుంచి దారాలు తీసి ఆరు పళ్లేల్లో వేశాను. కొన్ని నెలలకు ఆరింటిలోనూ పొడి వచ్చింది. డీఎన్ఏ పరీక్షకు గైడు గారికి పంపి, అన్నం సహించక ఎదురుచూశాను.

ఆదివారం ఉదయగిరిలో మా ఇంట్లో గడిపి, మరునాడు పొద్దున ఆత్మకూరు బస్సెక్కాను. దారిలో ఫోన్ మోగింది. "ట్రఫులేనమ్మా. పొడి కూడా దానిదే. ఇంకే బూజూ కలవలేదు," అన్నారు గైడు గారు. కెవ్వుమని లేచాను. పైనున్న సామాన్ల కమ్మీకి తల తగిలి ఠంగుమంది.

కండక్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, ఏమైనాది?"

"నా పుట్టగొడుగు పిల్లలు పెట్టిందన్నా! తోడు లేకుండా, ఒక్కటే!"

పక్క సీట్లో జామకాయల గంపతో కూర్చున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"మొగుడు లేకుండానా?"

"అవునవ్వా."

"అదృష్టవంతురాలు!"

బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. అవ్వ నా ఒళ్లో నాలుగు జామకాయలు పోసింది. ఒకటి కొరుకుతూ, నెత్తి తడుముకుంటూ, నాలో నేనే నవ్వుకుంటూ దిగాను.

కాలేజీలో అటెండరుగారు మెట్ల మీదే ఎదురయ్యారు.

"ట్రఫులే భాయ్!"

"చెప్పినానా లేదా?" అంటూ ఆయన రెండు చేతులూ పైకెత్తేశారు. వరండాలో ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి, చటుక్కున తల లోపలికి తీసుకున్నారు.

ఆ ఊపులోనే క్లాసుకెళ్లి బోర్డు నిండా కొమ్మలూ గుత్తులూ గీసి గంటసేపు చెప్పాను. బెల్లు మోగాక ముందు బెంచీ అమ్మాయి మెల్లగా లేచింది.

"మేడమ్, ఈరోజు మనకు వేరు నిర్మాణం కదా?"

"రేపు!" అన్నాను.