అడిగితేనే అవుటు

బట్టల మిల్లులో నా పక్క బల్ల వేలక్కది. నేసిన బట్ట లైటు బల్ల మీదుగా జారిపోతుంటే, పోగు తెగిన చోట ఠక్కున వేలు పెట్టి యంత్రాన్ని ఆపించేస్తుంది. ఆ పేరు అందుకే వచ్చింది. వేలు అంత గట్టిదే గాని మనిషి మాత్రం ఉత్త పిరికి. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూసుకుంటుంది. సూపర్‌వైజరు బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, తప్పేమీ చేయకపోయినా గుటకలు మింగుతుంది.

అలాంటి మనిషిని అంపైరుని చేశారు మావాళ్ళు. మిల్లులో ఏటా పనివాళ్ళకీ ఆఫీసువాళ్ళకీ క్రికెట్ మ్యాచ్ జరుగుతుంది. ఆఫీసు జట్టుకి కెప్టెన్ సూపర్‌వైజరే. పోయినేడాది ఎవడో కొత్తవాడు తెలియక అప్పీలు చేస్తే ఆయనకి ఎల్బీడబ్ల్యూ ఇచ్చిన స్టోరు గుమస్తా మర్నాటి నుంచే రాత్రి షిఫ్టులో తేలాడు. ఇక ఎవరొస్తారు? అంపైరు తెల్లకోటు చూస్తేనే అందరికీ ఒళ్ళు నొప్పులు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని రేడియోలో కామెంటరీ వింటూ రూల్సన్నీ నేర్చుకున్న పాపానికి, ఆ పని వేలక్క మెడకు చుట్టుకుంది. కాదనడానికి కూడా ఆమెకి భయమే.

బ్యాట్స్‌మన్ అవుటవడానికి దారులు చాలానే ఉన్నాయి. బౌల్డ్, క్యాచ్, ఎల్బీ, రనౌట్, స్టంపింగ్, తన వికెట్లు తనే పడగొట్టుకోవడం. సూపర్‌వైజరు విషయంలో మాత్రం దారులే ఉన్నాయి, నడిచేవాళ్ళు లేరు. ఆయన కొట్టిన క్యాచ్‌లు చేతుల్లోంచి జారేవి, రనౌట్ కావాల్సిన త్రోలు ఎటో పోయేవి. వికెట్లకి తగలకుండా బంతి వేయడంలో మా బౌలర్లు ఆరితేరారు.

ఈసారి వేలక్కకి ఇంకో గుబులు. మా వికెట్ కీపరు ఆమె తమ్ముడే. అతని భార్యకి నెలలు నిండుతున్నాయి. మిల్లులో అతనింకా టెంపరరీ. నెలాఖరున ఎవరిని పర్మనెంటు చేయాలో, ఎవరిని పంపేయాలో తేల్చేది సూపర్‌వైజరే. మ్యాచ్ రోజు పొద్దున కోటు గుండీలు పెట్టుకుంటూ ఆమె తమ్ముణ్ణి బతిమాలింది.

"నోరు మూసుకుని బంతి పట్టుకోరా నాయనా. అంతకన్నా ఏమీ చెయ్యకు."

"నేనేమన్నా పిచ్చోణ్ణా అక్కా," అన్నాడతను.

ఆట సగంలో మా ఫిట్టరు వేసిన బంతి బయటికి పోతూ సూపర్‌వైజరు బ్యాటు అంచుకి తగిలింది. టిక్‌మని చిన్న చప్పుడు. తమ్ముడు పక్కకి దూకి అందుకున్నాడు. అనుమానం లేని క్యాచ్.

ఒక్కడంటే ఒక్కడు అప్పీలు చేయలేదు. స్లిప్‌లో ఉన్నవాడు వంగి షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫీల్డింగ్ చేసేవాళ్ళు అడగనిదే అంపైరు అవుటివ్వకూడదు, అది రూలు. బౌలరు తర్వాతి బంతికి పరుగు మొదలుపెట్టాడంటే ఆ అడిగే అవకాశం కూడా పోతుంది. ఫిట్టరు కదిలితే చాలు, గండం గడిచినట్టే.

"దేవుడా, మా తమ్ముడు నోరెత్తకుండా చూడు అనుకున్నానే," అని తర్వాత నాతో చెప్పింది.

ఫిట్టరుకీ తొందరగానే ఉంది. ఎప్పుడూ బంతికీ బంతికీ మధ్య మీసం దువ్వుకుంటూ నిలబడేవాడు, ఆ రోజు చెయ్యి చాచి "బంతి ఇటు వెయ్యరా, టైమవుతోంది" అని ఒకటే గోల. తమ్ముడు వేయలేదు. బంతిని చూశాడు. అక్కని చూశాడు. సూపర్‌వైజరు గ్లవ్స్ సర్దుకుంటున్నాడు, వెనక్కి కూడా తిరగలేదు. ఆయనకి మా మీద అంత నమ్మకం.

"హౌజట్," అన్నాడు తమ్ముడు. అరవలేదు. బస్సులో కాస్త జరగమని అడిగినట్టు అడిగాడు.

వేలక్కకి వీడికింత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆశ్చర్యం, వాడి పొట్ట కొడుతున్నానేమో అని భయం. నాటౌట్ అనేస్తే సరిపోయేది. కాని ఆ చప్పుడు చెవిలోనే ఉంది. పైగా తమ్ముడే అంతకు తెగించి అడిగితే అక్క అబద్ధం ఎలా చెబుతుంది? వణుకుతూనే వేలెత్తింది.

సూపర్‌వైజరు ఆమెని ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టినవాడు లేడు.

ఇంటిదారి పట్టాక తమ్ముడు విరుచుకుపడ్డాడు.

"ఎందుకిచ్చావక్కా అవుటు?"

"నువ్వెందుకడిగావురా?"

"నువ్వెలాగూ ఇవ్వవని! వేసిన తాళమే మాటిమాటికీ లాగి చూసుకునేదానివి, ఆయనకి అవుటిస్తావని కలగన్నానా? జన్మలో ఒక్కసారి అంత మంచి క్యాచ్ పట్టాను. ఊరికే ఒక్కమాట అడిగేద్దామనిపించింది."

ఆమె రోడ్డు పక్కనే కూలబడింది. వాడి ధైర్యాన్ని నమ్మి ఆమె, ఆమె పిరికితనాన్ని నమ్మి వాడు, ఇద్దరూ బోల్తా పడ్డారు.

సోమవారం సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఆ బంతి నిజంగా బ్యాటుకి తగిలిందంటావా? పొరబడ్డావేమో, ఆలోచించుకుని చెప్పు," అన్నాడు మెత్తగా.

ఒక్క 'ఏమో సార్' చాలు. బట్టల బండి దగ్గర తమ్ముడు ఇటే చూస్తున్నాడు. అనవే తల్లీ, ఆ ఒక్కమాటా అనేయవే అని నేను లోలోపల మొత్తుకుంటున్నాను. బట్ట జారిపోతూనే ఉంది.

"తగిలింది సార్," అంది చివరికి, ఏడుపు గొంతుతో.

నెలాఖరున పర్మనెంటు అయినవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి చెప్పారు. తమ్ముణ్ణి పిలవలేదు.

ఆ సాయంత్రం మనసాగక వాళ్ళింటికి వెళ్ళాను. వేలక్క అంట్లు తోముతూ ఏడుస్తోంది. మరదలు గోడకానుకుని కూర్చుంది. తమ్ముడు చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇప్పుడు నోటికొచ్చినట్టు తిడతాడని నాకు భయం వేసింది. అతను లోపలికి వచ్చి, ఆ రోజు గ్రౌండులో అన్నంత నెమ్మదిగానే అడిగాడు.

"హౌజట్, అక్కా?"

ఆమె వెనక్కి తిరిగింది. ముఖమంతా కన్నీళ్ళు. సబ్బు నురగ కారుతున్న చేతిని అలాగే పైకెత్తింది. వేలు అప్పుడు కూడా వణుకుతూనే లేచింది.