యాడికి పోతాది నాగరాజప్ప

నాగరాజప్పకు ఉన్న జబ్బు ఒక్కటే. ఏ వస్తువు కంటబడినా అది చివరికి ఎక్కడికి పోతుందో తెలిసేదాకా ఆయనకు కుదురుండదు.

కారిమంగళంలో మేనకోడలు తనుజ పెళ్లిలో అందరూ అక్షింతలు పట్టుకుని నిలబడితే, ఈయన వంగి పెళ్లికొడుకు కాళ్లు కడిగే పళ్లెం కిందికి చూశాడు. "ఈ నీళ్లు యాడికి పోతాయి సామీ?" అన్నాడు. పురోహితుడు మంత్రం మరిచిపోయి మొదటినుంచి అందుకున్నాడు. పెళ్లికొడుకు కాళ్లు రెండోసారి తడిశాయి.

ఆ ప్రశ్న అతికినట్టు సరిపోయే చోటు బస్సు ఒక్కటే కదా! అక్కడా ఒక్క జవాబుతో నిలవలేదు. కండక్టరు హరూర్ అన్నాడు. ఆ పైన? తిరువణ్ణామలై. ఆ పైన? కండక్టరు విజిల్ ఊది నల్లంపల్లి రోడ్డులో దింపేశాడు.

ఆయన భార్య నాగవేణమ్మ, ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగల మనిషి. మొగుడి మనసులో ఏం ఉడుకుతోందో మాత్రం ఆమెకూ అంతుపట్టేది కాదు.

నాగరాజప్ప పని ధర్మపురి బస్టాండు దగ్గర, వసంతకుమార్ రక్తపరీక్షల ల్యాబులో సీసాలు కడగడం. రెండేళ్ల కిందట అక్కడికి బెంగళూరు నుంచి ఐసుపెట్టెలో ఆర్సెనాజో అనే రంగుమందు వచ్చింది. ఊదారంగు నీళ్లు. రక్తం చుక్క కలిపితే కాల్షియం ఎంతుందో దాన్నిబట్టి నీలానికి తిరుగుతాయి. అందులో పాషాణం ఉందనీ, ఒట్టి చేత్తో తాకకూడదనీ, సింకులో పొయ్యకూడదనీ పెట్టెలోని కాగితం చెప్పింది. సింకులో పోస్తే ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పలేదు.

వారం రోజులు నాగరాజప్పకు అన్నం సయించలేదు. ఆ వారంలోనే నాగవేణమ్మ బట్టలకు పెట్టే నీలం సీసా మాయమైంది. ఆమె తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి.

మూత బిగిసే క్యాన్లు తెచ్చుకునేదాకా ఆయన ఆ మందు వాడనివ్వలేదు. వాడిన మందు ఒక్క చుక్క కిందపడకుండా పట్టి, తేదీ రాసి, వెనక గదిలో దాచాడు. చదువు రాని వాళ్లకూ తెలియాలని ప్రతి క్యాను మీదా పుర్రె బొమ్మ గీశాడు. పుర్రెకు మీసాలెందుకో ఎవరూ అడగలేదు, వసంతకుమార్ మాత్రం తన మీసం తడుముకున్నాడు. వ్యర్థాలు తీసుకుపోయే బండి ఫోన్ చేస్తేగానీ రాదు. ఫోన్ చేయడానికి వసంతకుమార్‌కు తీరిక లేదు.

క్యాన్లు పదకొండయ్యాయి. రేపు తనిఖీ అనగా వసంతకుమార్ వచ్చి, సాయంత్రంలోగా అన్నీ సింకులో పోసి గది ఖాళీ చెయ్యాలి, లేకపోతే రేపటినుంచి పనికి రావద్దన్నాడు. నాగరాజప్ప గదికి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు నాగవేణమ్మ మోకాళ్ల నొప్పులకు కాల్షియం పరీక్ష అని చెప్పి తానూ వెంట వచ్చింది. మొగుడి పని ఉంటుందో ఊడుతుందో కళ్లారా చూడకుండా ఆమె ఇంట్లో కూర్చోగలదా? చేతికి దూది అదుముకుని బెంచీ మీద కూర్చుంది.

తనిఖీ అమ్మ అద్దాలు సవరించుకుని వసంతకుమార్‌ను అరవంలో అడిగింది: "వాడిన ఊదా నీళ్లు ఎంగె పోగుదు?"

అచ్చంగా నాగరాజప్ప ప్రశ్న! వసంతకుమార్ ఫ్యాను వైపు చూశాడు, సింకు వైపు చూశాడు, చివరికి నాగరాజప్ప వైపు చూశాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆయన లోకాన్నంతా అడిగిన ప్రశ్న అది. ఆయన్ను అడిగిన వాళ్లు ఇన్నాళ్లకు దొరికారు. మొలతాడు నుంచి తాళంచెవి తీసి, పెళ్లికొడుకులా నడిచి తలుపు తెరిచాడు. "యాడికీ పోలేదమ్మా. అంతా ఈడనే ఉండాది."

ఆమె పదకొండు మూతలూ, పదకొండు తేదీలూ చూసింది. ఇలాంటి గది తాను ఇంకెక్కడా చూడలేదంటూ ఆయన పేరు కాగితంలో రాసుకుంది. బండికి ఫోన్ చేయడానికి వసంతకుమార్‌కు అప్పటికప్పుడు తీరిక దొరికింది. అన్నకు పనంతా నేర్పింది తానేనని కూడా చెప్పాడు.

దారిలో నాగవేణమ్మ నిలదీసింది. "నిజం చెప్పయ్యా. ఆ సింకు నీళ్లు యాడికి పోతాయి?"

"నీ నీలం సీసా సింకులో పోసి, కాలువ ఎమ్మడి నడిచినా. మన పాల పచ్చయమ్మ ఎనుముల తొట్టిలో తేలింది."

"ఇన్నాళ్లూ నోరు మూసుకున్న్యావే! వీధంతా నిన్ను చూసి నవ్వుతా ఉంటే?"

"పాషాణం మాట బయటికొస్తే రేపటినుంచి ఆయమ్మ కాడ పాలు ఎవురు పోయించుకుంటారు? చుక్క పోనియ్యకుండా నేను పట్టుకున్న్యా కదా. ఇంక చెప్పేదానికి ఏముండాది?"

ఆ సాయంత్రమే నాగవేణమ్మ పచ్చయమ్మ ఇంటికి పోయి, కుళాయి నీళ్లు తాగితే ఎనుములకు పాలు చిక్కగా పడతాయంట అని నమ్మబలికి, తొట్టిని కుళాయి కిందికి మార్పించింది.

తెల్లారి పచ్చయమ్మ చెంబులో పాలు పోస్తూ ఎప్పటిలాగే ఎగతాళి చేసింది. "ఏమన్నా, ఈ పాలు యాడికి పోతాయో అడగవా?"

నాగరాజప్ప ఎప్పటిలాగే ఇంటి కప్పు వైపు చూశాడు. నాగవేణమ్మ నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. గడప దాటకుండా ఏ కబురూ ఆగని ఆ ఇంట్లో, నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాట ఎక్కడికి పోయిందో ఆయన కూడా అడగలేదు.