మూఢం వెళ్ళాక వేసిన రివిజన్

అది కోనసీమ జిల్లా అయిన ఏడాది. అమలాపురంలో కోర్టు వెనక వీధిలో నా ఆఫీసు. మార్గశిరం మొదట్లో ఒక ఉదయం అంతర్వేది నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలు నాగమణి, అత్తగారు సత్తెమ్మ. చేపల వ్యాను గుద్ది ఒక మనిషి చనిపోయిన కేసులో నాగమణి భర్త నరసింహకు ఏడాది జైలు పడింది. ఆ రోజు స్టీరింగు మీద ఉన్నది తను కాదని అతను మొదటినుంచీ మొత్తుకుంటున్నాడు. వేరే వకీలుగారు వేసిన అప్పీలు కూడా వినాయక చవితికి ముందే కొట్టేశారు. అప్పటినుంచి జైల్లోనే ఉన్నాడు.

కాగితాలు చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. చూశానన్న ఒకే ఒక్క సాక్షి, క్రాస్‌లో, అంటే ముద్దాయి వకీలు ఎదురు ప్రశ్నలు వేసినప్పుడు, డ్రైవరు మొహం చూడలేదని ఒప్పుకున్నాడు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. అప్పీలు పోయాక మిగిలేది హైకోర్టులో రివిజన్, కింది తీర్పులో తప్పు దిద్దమని అడగడం. దానికి గడువు తొంభై రోజులు. అది పక్షం కిందటే దాటిపోయింది.

"తీర్పు కాపీ చేతిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా?"

నాగమణి అత్తగారి వైపు చూసింది. సత్తెమ్మగారే అందుకున్నారు. "మూఢం కదండీ! శుక్రమూఢంలో పెళ్ళిచూపులే పెట్టుకోమండీ. కన్నకొడుకు బయటికొచ్చే కాయితం పెడతామాండీ? రెండుసార్లు ఓడిపోయేం. ఈసారి మంచిరోజు చూసే వెయ్యాలని ఆగేమండీ."

నోటిదాకా వచ్చిన కోపం మింగేశాను. పాపం, కొడుకు మీద ప్రేమతోనే ఆవిడ కొడుకు గడువు తినేసింది.

గడువు దాటితే కండొనేషన్ పిటిషన్ వేయాలి. ఆలస్యం ఎందుకైందో చెప్పి మన్నించమని అడగడమన్నమాట. మా వృత్తిలో ఆ పిటిషన్లకు ఒక ఆస్థాన రోగం ఉంది. పచ్చకామెర్లు! హైకోర్టులో నాకు తెలిసిన వకీలుకు ఫోన్ చేస్తే ఆయనా అదే పాట.

"ముద్దాయి భార్యకి కామెర్లని రాసేద్దామండీ. డాక్టరు సర్టిఫికెట్టు నేను చూసుకుంటాను."

"కొండనాలుకకు మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టవుతుంది. అబద్ధమని తేలితే సాక్షి చెప్పిన నిజం కూడా నమ్మరు. మూఢమనే రాస్తాను."

"నవ్వుతారండీ!"

"నవ్వనివ్వండి. నేనే వచ్చి వాదిస్తాను."

నాగమణి చెప్పింది చెప్పినట్టు అఫిడవిట్ రాసి, చదివి వినిపించి సంతకం పెట్టించాను. "ఆయ్, నిజవే కదండీ," అంది.

హైకోర్టులో నిజంగానే నవ్వారు. ప్రభుత్వ వకీలు, "మూఢం ఏ చట్టంలో ఉందండీ?" అన్నారు.

"ఏ చట్టంలోనూ లేదండీ," అన్నాను. "కానీ జైల్లో ఉన్నవాడు పంచాంగం చూడలేదు. చూసింది బయటివాళ్ళు, శిక్ష అనుభవిస్తున్నది అతను. ఆలస్యం వల్ల అతనికి దక్కింది జైలు కూడు ఒక్కటే. సాక్షి మాట ఒక్కసారి చదవండి."

న్యాయమూర్తి ఆ పేజీ తిప్పి చాలాసేపు చదివారు. తలెత్తి, "కామెర్లు లేని అఫిడవిట్ చూసి ఎన్నాళ్ళైందో!" అన్నారు. ఆలస్యం మన్నించారు. రివిజన్ తేలేదాకా శిక్ష ఆపి బెయిలూ ఇచ్చారు. మరుసటి ఏడాది, సాక్షి చెప్పిన ఆ ఒక్క మాట మీదే శిక్ష రద్దయింది. నరసింహ మళ్ళీ స్టీరింగు పట్టాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నేను గెలిచిన కేసులు చాలానే ఉన్నాయి. కానీ గర్వంగా చెప్పుకునేది మాత్రం ఇదే. నిజం ఎంత వెర్రిగా వినిపించినా దాన్ని దాచకుండా కోర్టు ముందు పెట్టే ధైర్యం నాకు ఈ కేసే ఇచ్చింది.

ఈ మధ్య మళ్ళీ మూఢం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఫీసు గుమ్మం దగ్గర గొడవ వినిపిస్తే బయటికి వచ్చాను. సత్తెమ్మగారు! తమ్ముడికి శిక్ష పడిందని ఏడుస్తున్న ఒకాయన్ని, వాళ్ళ వీధిలోవాడే, రెక్క పట్టుకుని లోపలికి లాగుతున్నారు. రాహుకాలం వెళ్ళేదాకా బయటే కూర్చుంటానని ఆయన మొండికేశాడట.

"నడవరా ముందు!" అని కసిరారావిడ. "నేను మంచిరోజు చూస్తా కూచుంటే, అక్కడ నా కొడుక్కి ప్రతిరోజూ చెడ్డరోజే అయ్యింది!"