మూడో గీత

స్టీలు పళ్ళెంలో బియ్యం ఏరుతుంటే, దాని అంచుకు ఆనించి పెట్టిన ఫోను దడదడలాడింది. పళ్ళెం మోగింది, నాలుగు గింజలు నేల మీద పడ్డాయి. మీ బిడ్‌ను మరొకరు దాటారని వేలం సంస్థ నుంచి సందేశం. వేలం ముగియడానికి ఇంకా రెండు రోజులుంది. అయినా లేచి కళ్ళజోడు తుడుచుకుని, నా హద్దు ఎంత పెట్టానో మళ్ళీ చూసుకుని, వంటింట్లోకీ వరండాలోకీ ఊరికే నాలుగుసార్లు తిరిగాను. డెబ్భై ఒకటో ఏట ఒక వెండి నాణెం కోసం ఇలా కాలు నిలవకపోవడం ఏమిటని మా చెల్లెలు అడుగుతుంది. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి మాత్రం చాలా నిమ్మళమైనవాడు. ఆయన పేరు రామచంద్రం. మా బ్యాంకులో హెడ్ క్యాషియరు.

నేను వరంగల్ నుంచి బదిలీ మీద సూరత్ వచ్చేసరికి ఆయన ఈ శాఖలో పాతబడిపోయారు. కౌంటరు అవతల బట్టల వ్యాపారులు గుజరాతీలో అరుస్తుంటే, ఇవతల ఆయన కరీంనగర్ తెలుగులో తనలో తాను గొణుక్కుంటూ నోట్లు లెక్కపెట్టేవారు. నా మొదటి వారంలోనే ఒక కట్ట లెక్కపెట్టి, తొంభై తొమ్మిదే ఉన్నాయి సార్ అని ఆయన ముందు పెట్టాను. తప్పు పట్టుకున్నానని గర్వంగా ఉంది. ఆయన కట్ట ముట్టుకోలేదు. పక్క గదిలోని ఇంకో గుమాస్తాను పిలిచి, ఏమీ చెప్పకుండా అతనికిచ్చారు. నన్ను నమ్మలేదేమోనని మొహం మాడ్చుకుంటే అన్నారు:

“నువ్వు చెప్పిన అంకె నా చెవుల పడ్డదమ్మా. ఇగ నేను లెక్కపెడితే గదే వస్తది. రెండో మనిషికి మొదటి అంకె తెల్వొద్దు.”

మా శాఖలో అదే పద్ధతి. మొదటి మనిషి తన లెక్క కాగితం మీద రాసి బోర్లా పెట్టాలి, రెండో మనిషి లెక్క ముగిసాకే తిప్పాలి. రద్దీ రోజుల్లో అందరికీ చిరాకు తెప్పించే పద్ధతి. నేను దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. ఇప్పటికీ పాలవాడి లెక్క అతను చెప్పకముందే వేసుకుని, అతని నోట విని పోల్చుకుంటాను. అతను నన్ను ‘మేనేజర్ బెన్’ అంటాడు, అంటే మేనేజరక్క అని, ఎగతాళికే.

సారు రిటైరయ్యాక ఊరి అంచున అమ్రోలిలో రెండు గదుల ఫ్లాటు కొనుక్కున్నారు. నాణేల పిచ్చి అక్కడే ముదిరింది. అంతకుముందు ఎవరైనా తెచ్చి చూపిస్తే చూసేవారు. ఇంటర్నెట్‌లో వేలాలు వచ్చాక బొంబాయిలోనో బెంగుళూరులోనో అమ్మే నాణేన్ని ఇంట్లో కూర్చుని కొనవచ్చని తెలిసింది. ఆయన కొన్నవన్నీ ఒక్క రకమే. ఒకప్పుడు ఈ గుజరాత్ నేలను ఏలిన క్షత్రపుల వెండి నాణేలు, అందులోనూ రుద్రసేనుడనే ఒకే ఒక రాజువి. చిటికెన వేలి గోరంత ఉంటాయి. అన్నిటి మీదా అదే పెద్ద ముక్కు, అవే మీసాలు. ఇన్ని ఎందుకు సార్ అని అడిగితే, మొహం చూడకు, తల ఎనక చూడు అన్నారు. అక్కడ, నాణెం అంచుకు ఆనుకుని, అది ముద్రించిన శక సంవత్సరం ఉంటుంది. వందకు ఒక గుర్తు, ముప్పైకి ఒక గుర్తు, ఆ పక్కన అడ్డంగా గీతలు. ఒక గీత అయితే ఒకటి, రెండైతే రెండు, మూడైతే మూడు. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో ఒకరు ఏటికేడాది అచ్చు మార్చి తేదీ వేశారన్నమాట. తారీఖు లేని ఉత్తరం చూస్తేనే చికాకు పడే నాకు, ఆ రోజు ఆ భూతద్దం వదలబుద్ధి కాలేదు.

సారు బిడ్ వేసే తీరు చూసి తీరాలి. పొద్దున్నే కూర్చుని, పాట ముగిసి సుత్తి పడే ధర ఎంత, దాని మీద వేలంవాళ్ళ కమిషనెంత, పన్నెంత, కొరియరు ఎంత అని మొత్తం కలిపి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కగట్టి తన హద్దు పెట్టేవారు. ఆ అంకె కంప్యూటర్లో కొట్టి, దాన్ని ఆపేసి, తాపీ నది వంతెన మీదికి నడకకు పోయేవారు. నేను మాత్రం నా ఇంట్లో తెర ముందు కూర్చుని, ఆఖరి నిమిషంలో ఎవరో వందెక్కించినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. “నువ్వు చూస్తుంటే సుత్తి ఆగుతదా సావిత్రీ?” అని నవ్వేవారు.

ఆయన భార్య కమలక్కది ఇంకో పాట. ఆమెది సిరిసిల్ల నేతవాళ్ళ ఇల్లు. అన్నలు మరమగ్గాల పనికి సూరత్‌లోని గోడాదరా వస్తే వాళ్ళ వెంట వచ్చి, ఇక్కడే సారును పెళ్ళాడింది. నేను వెళ్ళినప్పుడల్లా ఇక్కడి శనగపిండి ఫలహారం లోచో తెప్పించి పెట్టి, ఆయన వినేలా మొదలుపెట్టేది. “ఇంట్ల గిన్నెకు సొట్ట పడ్డా మార్పియ్యడు గని, ఊరోళ్ళ సొట్ట పైసలన్నీ కొనుక్కొస్తడు. కిరాణా దుకాణంల తీసుకుంటరా అవి?” సారు ఆల్బంలోంచి తల ఎత్తకుండా, రుద్రసేనుడు ఉన్నప్పుడు తీసుకునెటోళ్ళే అనేవారు.

ఆ ఆల్బంలో ఏడాదికొక ప్లాస్టిక్ అర. నూట ముప్పై మూడో ఏడాది అర ఒక్కటే ఖాళీ. ఆ అర కోసం ఆయన ఆరేళ్ళు చూశారు. చివరికి ఒకటి దొరికింది. అప్పటికి ఒక కంటికే శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది మసకగానే ఉంది. ఎప్పుడూ లేనిది ఆ రోజు తన హద్దు దాటి పాడారు. కొరియరు రాగానే నన్ను రమ్మని ఫోను చేశారు. నేను చెప్పులు విడిచేలోపే నాణెం నా అరచేతిలో పెట్టి, “జర చూసి చెప్పు. నూట ముప్పై మూడు కదా?” అన్నారు.

జీవితంలో మొదటిసారి ఆయన అంకె ముందు చెప్పారు. చెప్పిన సంగతి ఆయనకు తెలియలేదు. నాకు మాత్రం చెవిలో గంట కొట్టినట్టైంది. కిటికీ దగ్గరికి పోయి భూతద్దం పెట్టాను. మొదట మూడు గీతలే కనబడ్డాయి. మళ్ళీ చూశాను. మూడోది నల్లటి మరక. దూది తడిపి అద్దితే సగం పోయింది. “రెండే సార్” అన్నాను.

 ఆయన నాణెం తీసుకుని, నూట ముప్పై రెండు ఉన్న అరలో పాతదాని పక్కన పెట్టారు. “అంకె నేను ముందు చెప్తి గదా,” అన్నారు. “అయినా నువ్వు నీ లెక్కనే చెప్పినవ్. మంచిగ చేసినవ్.” ఆయన గొంతులో కోపం లేదు. కానీ ఆ రోజు మమ్మల్ని రుద్రసేనుడి గురించి ఒక్క మాటైనా చెప్పి విసిగించలేదు.

కమలక్క లిఫ్టు దాకా వచ్చింది. తలుపు మూసుకుంటుండగా చెయ్యి అడ్డం పెట్టి, “మూడంటే నీదేం పోయేది?” అంది. ఆమె నన్ను ఆ ఒక్కమాటే అడిగింది. సారు ఆ వానాకాలం దాటలేదు. ఆ తర్వాత మూడేళ్ళు నేను పండగకో పబ్బానికో వెళ్ళి, టీ తాగి వచ్చేదాన్ని. లోచో లేదు, ఎగతాళి లేదు. ఆల్బం అలమరలో ఉందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

పోయిన నెల ఒక వేలం జాబితాలో రుద్రసేనుడి నాణెం కనబడింది. సంవత్సరం నూట ముప్పై దాటి, చివరి అంకె అస్పష్టం అని రాశారు. ఫోటో పెద్దది చేశాను. గీతలు మూడు. కంప్యూటర్లో చూశాను, మూడు. కళ్ళజోడు మార్చి చూస్తే ఒకసారి రెండు, ఒకసారి మూడు. సారు పద్ధతిలో అన్నీ కలిపి హద్దు కట్టి, తెర ఆపేసి నడకకు బయల్దేరి, లిఫ్టు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాను. ఎవరో నాతో పోటీ పడ్డారు. నేను కట్టిన హద్దును నేనే మూడుసార్లు దాటాను. సుత్తి పడేసరికి నాణెం నాదైంది. ఆ నెల కొనాల్సిన మిక్సీ వచ్చే ఏడాదికి పోయింది. దానికి చింత లేదు. ఆ అర నిండితే లిఫ్టు దగ్గర కమలక్క అడిగిన మాట నా వెంట పడడం మానుతుందని నా ఆశ.

నాణెం వచ్చిన రోజే ఆటోలో అమ్రోలి పోయాను. దారిలో పొట్లం విప్పలేదు. కమలక్క చేతిలో నాణెమూ భూతద్దమూ పెట్టి, తల వెనక చూసి గీతలెన్నో చెప్పక్కా అన్నాను. “నీకెన్ని కనబడ్డయి?” అని అడిగింది. నేను చెప్పను, నువ్వు చూడు అన్నాను. ఏ అంకె కావాలో ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ ఖాళీ అరతో కాపురం చేసింది ఆమె. కాబట్టి మూడు అనే అంటుందని, అన్నా నేను పూర్తిగా నమ్మలేనని, అయినా ఆ మాట వినాలని ఉందని, అక్కడ నిలబడి మూడు రకాలుగా అనుకున్నాను.

ఆమె భూతద్దం పక్కన పెట్టేసింది. చిన్నప్పుడు మగ్గం దిగిన గుడ్డను వెలుగుకు పట్టి పోగు తప్పిన చోటు వెతికినట్టు, నాణేన్ని కిటికీకి అడ్డంగా పట్టి మెల్లగా వంచింది. ఇటు వంచింది, అటు వంచింది. చాలాసేపు పట్టింది.

“రెండే,” అంది. “ఈ రెండు పైకి లేసి ఉన్నయి. మూడోది లోపలికుంది, చూడు. ఎవడో గీరిండు.”

నేను చూశాను. ఆమె చూపిన కోణంలో దాచడానికి ఏమీ లేదు. అచ్చు పడిన గీత ఉబ్బుగా ఉంటుంది, గాటు గుంటగా ఉంటుంది. ఫోటోలో ఆ రెంటికీ తేడా తెలియదు. ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. కింద రోడ్డు మీద బస్సు ఒకటి ఆగి వెళ్ళింది.

“మూడు అందామనే అనుకున్న,” అంది కమలక్క. “నోటిదాంక వచ్చింది. బయటికి రాలే.” నాణేన్ని నా చేతిలో పెట్టి, “నీకు గూడ ఆనాడు గిట్లనే అయ్యుంటది” అంది. నేను తల ఊపాను.

ఆమె అలమర తీసి ఆల్బం తెచ్చింది. నూట ముప్పై రెండు అరలో ఇప్పుడు మూడు నాణేలు, ఇరుక్కుని ఉన్నాయి. పక్కది ఖాళీ. ఎంత పెట్టి కొన్నావని అడిగితే చెప్పాను. ఆయనుంటే ఇద్దరినీ కలిపి తిట్టేవాడని నవ్వి, ఫోను తీసి లోచో పంపమని చెప్పింది.

ఇవాళ ఫోను మోగింది ఇంకో నాణెం కోసం. దీని చివరి అంకె కూడా అంచులోకి జారిపోయింది. నాకెన్ని గీతలు కనబడ్డాయో చీటీ మీద రాసి, పళ్ళెం కింద బోర్లా పెట్టాను. ఇంకా రెండు రోజులుంది. వంతెన దాకా నడిచి రావాలని చెప్పులేసుకున్నాను. సగం దూరం పోతే ఎక్కువ. బయల్దేరే ముందు ఫోటో కమలక్కకు పంపాను. కింద ఏమీ రాయలేదు.