ఉపదేశి ఆనందం అర్జీ

ఆనందం చేసే పనేమిటని కోసిగి చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఠక్కున చెప్పలేరు. ఎస్సీ కాలనీ చర్చిలో ఇరవయ్యేడు ఏళ్లుగా ఆయన ఉపదేశి. పాస్టరు వేరు. పాస్టరుగారు ఆదోనిలో ఉంటారు, నెలకొకసారి మోటారు సైకిలు మీద వచ్చి, రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు బల్ల ఇచ్చి, కోడికూర తిని వెళ్లిపోతారు. మిగిలిన రోజులన్నీ గంట కొట్టేదీ, పాట ఎత్తేదీ, పిల్లలకు వాక్యం నేర్పేదీ, జ్వరమొచ్చిన వాళ్ల తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసేదీ, చచ్చినవాళ్లను పూడ్చేదీ ఆనందమే. నవంబరు దాటాక సంఘంలో సగంమంది గుంటూరు మిరప చేలకు వలస పోతే ఆయనా వాళ్లతో పోతాడు. పగలంతా కాయలు తెంపి, పొద్దు వాలాక గుడారాల మధ్య నిలబడి పాడతాడు. జీతం సంగతి అడక్కండి. సంఘం చేతిలో ఉంటే ఇస్తుంది, లేకపోతే రెండు శేర్ల కొర్రలు పోస్తుంది. ఇంత చేసినా ఊళ్లో పెద్దమనుషులు ఆయన్ని పనీపాటా లేని మనిషి అంటారు. వింటే ఒళ్లు మండదా?

ఆయన భార్య విశ్వాసమ్మ ఉపాధి హామీ పనికి పోతుంది. ఒక్కతే కూతురు. బడిలో స్వర్ణలత, చర్చిలో క్రిస్టినా. కాలనీలో అందరి పిల్లలకూ అట్లాగే రెండేసి పేర్లుంటాయి, అదొక వింతగా ఎవరూ అనుకోరు. ఆ పిల్ల నంద్యాలలో మూడేళ్లు కోచింగుకు పోయి, కళ్ల కింద నల్లగా అయ్యేదాకా చదివి, డీఎస్సీలో టీచరుగా ఎంపికైంది. సర్టిఫికెట్ల పరిశీలన కూడా అయిపోయి, పోస్టింగ్ ఆర్డరు కోసం చూస్తోంది.

ఇట్లా ఉండగా ఆదోనిలో సభలకని టెక్సాసు నుంచి యేసుప్రసాద్ అనే ఆయన వచ్చాడు. అక్కడొక తెలుగు సంఘానికి ఆయన పెద్ద. ఒక రోజు కోసిగి దిక్కు వచ్చి, ఒక సమాధి కార్యక్రమంలో ఆనందం పాట విని కదల్లేకపోయాడు.

"మా దగ్గర ముసలివాళ్లు చాలామంది ఉన్నారండీ. ఆసుపత్రి మంచం మీద పడుకుని మన పాట కోసం అల్లాడిపోతుంటారు. పక్కన కూర్చుని పాడే మనిషి లేడు. ముప్పై నెలలు వచ్చి ఉండగలరా? దానికని వేరే వీసా ఉంది, మేం పెడతాం" అన్నాడు.

అమెరికా మాట ఎట్లా ఉన్నా, ఆ తర్వాత ఫోనుకు వచ్చిన దరఖాస్తు నకలులో ఒక మాట దగ్గర ఆనందం ఆగిపోయాడు. కూతురిని పిలిచి ఆ మాట మళ్లీ చదివించుకున్నాడు.

"రిలీజియస్ వర్కర్ అంటే ఏమి పాపా?"

"దేవుని పని చేసేవాడు, నాయనా."

"వర్కర్ అంటే పని చేసేటోడేనా? అంటే నేను చేస్తాండేది పనే అని రాసినారా?"

"పనే అని రాసినారు."

ఆ సాయంత్రం ఆయన కాలనీలో ఇంటింటికీ పోయి ఆ ముక్క చెప్పి వచ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, కొత్త చొక్కా కుట్టించుకున్న పిల్లవాడిలా తిరిగాడు. డాలర్ల మీద ఆశ లేదా అంటే, కాస్త ఉంది, లేదని ఎందుకు అబద్ధమాడాలి? చర్చి రేకులు మార్పించాలని ఉండేది. కానీ తన బతుకంతా పనేనని ఎవరో కాగితం మీద పెట్టారు, అదీ ఆయన సంబరం.

టెక్సాసు సంఘం వేగంగా తేల్చమని అదనపు రుసుము కూడా కట్టింది. అది కడితే అమెరికా వలసల ఆఫీసువాళ్లు పదిహేను పనిదినాల్లో అవునో కాదో, ఇంకేమైనా కావాలో చెప్పేస్తారట. తొమ్మిదో రోజున కబురు వచ్చింది. ఈ మనిషి గత రెండేళ్లుగా టెక్సాసు వాళ్ల శాఖకే చెందిన చర్చిలో సభ్యుడేనని ఇంకా గట్టి రుజువు కావాలన్నారు. పంపిన చర్చి రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆనందం చేతిరాతే. తన సంగతి తానే రాసుకుంటే సాక్ష్యం ఎట్లా అవుతుంది? బయటివాళ్లు రాసినది, వీలైతే ప్రభుత్వ ముద్ర ఉన్నది పంపించండి, తొందరగా పంపితే మంచిది అని అక్కడి లాయరు చెప్పాడు.

ఆనందం నేరుగా వీఆర్వో శివశంకర్ దగ్గరికి పోయాడు. ధ్రువపత్రం కావాలని రాసిన కాగితం ఆయన చదివి, మడిచి, "చూద్దాం లేప్పా" అన్నాడు. రెండు రోజుల తర్వాత పోతే మళ్లీ "చూద్దాం లే" అనే అన్నాడు. ఆఫీసు వాళ్ల మామూలు నాన్చుడే అనుకున్నాడు ఆనందం. అక్కడేమో వేగం, ఇక్కడేమో ఇది. సోమవారం పొద్దున్నే బస్సెక్కి కర్నూలు కలెక్టరేటుకు పోయి, అర్జీలు తీసుకునే వరసలో నిలబడ్డాడు. అర్జీ తనే రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. తాను పుట్టుకతో క్రైస్తవుడిననీ, భార్యాబిడ్డలూ క్రైస్తవులేననీ, ఇరవయ్యేడు ఏళ్లుగా ఉపదేశిగా పని చేస్తున్నాననీ, ఆ మేరకు ధ్రువపత్రం ఇప్పించమనీ రాసి, పైన 'అత్యవసరం' అని రెండు గీతలు గీశాడు. ఫోనుకు అర్జీ నంబరు వచ్చింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాడుకుంటూ వచ్చాడు.

ఆఫీసు కాగితం ఇంత వేగంగా కదలడం ఆయన జన్మలో చూడలేదు. మర్నాటికల్లా కోసిగి తహసీల్దారు టేబుల్ మీదికి వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే శివశంకర్ బండి వేసుకుని ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగకుండా పక్కన పెట్టాడు.

"ఏమప్పా ఆనందం, ఎంత పని చేస్తివి! పాపకు ఉద్యోగం ఏ కోటాలో వచ్చినాది?"

"ఎస్సీ కోటాలో, సార్."

"ఆ కుల సర్టిఫికెట్ కోసరం ఇంటికొచ్చి విచారణ చేసినట్లు రాసిచ్చింది నేనే. హిందూ, ఎస్సీ అని రాసినా. ఇప్పుడు నువ్వేమో నేనూ నా బిడ్డా పుట్టుకతో క్రైస్తవులం అని కలెక్టరుకు రాసిస్తివి. క్రైస్తవులైతే ఎస్సీ చెల్లదప్పా. చట్టం అట్లుండాది. రెండు కాగితాలూ ఒకే ఆఫీసులో, ఒకే ఇంటి నంబరు మీద ఉండాయి. నేను చూద్దాం చూద్దాం అని ఏమిటికి అంటాంటి? నీకే అర్థమైతాదిలే అనుకుంటి."

నిజానికి ఆనందానికి ఆ ఆలోచనే రాలేదు. చర్చి కాగితాలు ఆయన చూసుకునేవాడు, ఆఫీసు కాగితాలు విశ్వాసమ్మ చూసుకునేది. ఇరవయ్యేళ్లుగా ఒకదాని మొహం ఒకటి చూడలేదు. కాలనీలో ప్రతి ఇంట్లోనూ అంతే. దాన్ని మోసం అని ఎవరూ అనుకోలేదు, ఎందుకనుకుంటారు?

లోపలి నుంచి విశ్వాసమ్మ బయటికొచ్చింది. "చర్చికి పోతే మేము ఎస్సీలము కాకుండా పోతామా సార్? మరి ఆ ముక్క ఊర్లోవాళ్లకు ఎవురూ చెప్పలేదే! ఇప్పుటికీ పెద్దోళ్ల వాకిట్లో మాకు నీళ్లు దోసిట్లోనే పోస్తాండారు."

శివశంకర్ తల వంచుకున్నాడు. ఆయన ఇల్లు కూడా ఆ పెద్దవాళ్ల వీధిలోనే ఉంది. గురువారం గ్రామ సచివాలయంలో విచారణ ఉంటుందనీ, అర్జీ నిజమని తేలితే పాప సర్టిఫికెట్ రద్దవుతుందనీ, అర్జీ అబద్ధమని రాసిస్తే అక్కడితో మూసేస్తారనీ చెప్పి లేచాడు.

స్వర్ణలత తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది. ఏడవలేదు.

"నాయనా, నీ ముప్పై నెలలకు నా ముప్పై ఏండ్ల ఉద్యోగం ఇచ్చేస్తావా?"

"నాకు తెల్లేదు పాపా."

"అందురికీ తెలుసు. నీకొక్కనికే తెల్లేదు." ఆ మాట అని లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆనందమేమో నిజం చెప్పమని ఇరవయ్యేడు ఏళ్లు పిల్లలకు నేర్పినవాడు. ఆ నిజానికి కూతురు మూల్యం చెల్లించాల్సి వస్తుందని ఎవరూ ఆయనకు నేర్పలేదు. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

గురువారం డిప్యూటీ తహసీల్దారు వచ్చాడు. చిన్న వయసువాడు, మర్యాదగానే మాట్లాడాడు. సాక్ష్యానికి కాలనీ నుంచి పదిమందిని పిలిపించారు. ముందు వరసలో గిడ్డమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఆమె భర్తనూ, పెద్ద కొడుకునూ పూడ్చింది ఆనందమే.

"అవ్వా, ఈయన మీ చర్చిలో ఉపదేశం చేస్తాడా?"

"ఉపదేశమా? ఆయప్పకు నోట్లో మాటే రాదు నాయనా! మాతోపాటి మిరపకాయలు తెంపేటోడు. ప్రార్థనకు ఎవురెవురో వస్తాంటారు, పోతాంటారు. మాకేమి తెలుస్తాది?"

తడబడలేదు, కళ్లు దించుకోలేదు. ఆమె వెనక భీమమ్మ అదే చెప్పింది. మిగిలినవాళ్లూ అదే చెప్పారు. ఎవరి మాటలు వాళ్లవే, చెప్పింది మాత్రం ఒకటే. ఆయన బాప్తిస్మానికి నడిపించినవాళ్లు, ఆయన చేత పిల్లలకు పేర్లు పెట్టించుకున్నవాళ్లు, ఈ మనిషి మాకేమీ కాడని ఒకరి తర్వాత ఒకరు వేలిముద్ర వేశారు. ప్రేమ కొద్దీ వేశారు. వాళ్ల ఇళ్లలోనూ అవే కాగితాలున్నాయి, ఆ భయం కొద్దీ కూడా వేశారు. ఆనందం గోడకు ఆనుకుని అంతా విన్నాడు. వాళ్లు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

చివరికి ఆయన్ను రాసివ్వమన్నారు. రాశాడు. 'నేను హిందువును. కూలి పని చేసుకుని బతుకుతున్నాను. విదేశానికి పోవాలన్న దురాశతో క్రైస్తవ ఉపదేశినని అబద్ధం రాసినాను. క్షమించగలరు.' అదే ముత్యాల్లాంటి రాత. సంతకం దగ్గర చెయ్యి ఆగితే అధికారి పెన్ను రాయడం లేదేమో అనుకుని తన పెన్ను ఇచ్చాడు.

బయటికొచ్చాక శివశంకర్ చాటుగా పక్కకు పిలిచాడు. "పాపకు ప్రొబేషన్ అయ్యేదాకా రెండేండ్లు చర్చిలో నీ గొంతు ఇనపడకూడదు. డీఎస్సీ లిస్టులో పాప తర్వాత ఉండేటోళ్లు కాసుకోని ఉంటారు. ఎవడన్నా ఫోన్లో తీసి పెట్టినాడంటే అంతా మళ్లీ మొదలైతాది."

గిడ్డమ్మ దగ్గరికొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పాప కోసరము అబద్ధమాడితిమి, దేవుడు చూసుకుంటాడులే. నన్ను పూడ్చేటప్పుడు మాత్రం నువ్వే పాడాల. ఆదోని పాస్టరుకు పాట రాదు" అని నవ్వింది. ఆనందం సరేనన్నట్టు తలూపాడు.

టెక్సాసుకు ఫోను చేసి, రుజువు దొరకలేదని చెప్పాడు. యేసుప్రసాద్ చాలాసేపు బతిమాలాడు, ఇంకా గడువుంది, వెతకమన్నాడు. అసలు సంగతి ఆనందం చెప్పలేదు. ఆ వారంలోనే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. రుజువు అందితే మళ్లీ మొదలవ్వాల్సిన పదిహేను రోజుల లెక్క ఇక మొదలే కాలేదు. స్వర్ణలతకు ఆలూరు దగ్గర బళ్లో పోస్టింగ్ వచ్చింది. ఆదివారాలు ఆనందం చర్చిలో చివరి వరసలో, చెప్పులు వదిలే చోట కూర్చోవడం మొదలుపెట్టాడు. ముందుకు పోయి పాట ఎత్తేవాళ్లు లేక ఒక్కో వారం ప్రార్థన పది నిమిషాల్లోనే అయిపోయేది.

నెల తిరక్కుండా గిడ్డమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. ఆదోని పాస్టరు ఆలస్యంగా వచ్చి, "ఈ తల్లి పేరేమి?" అని అడిగి, ఫోనులో చూసి రెండు చరణాలు చదివినట్టు పాడి ఆగిపోయాడు. బెంగుళూరులో కట్టడం పనికి పోయిన చిన్న కొడుకు రాలేకపోయాడు. వాడికి చూపించడానికని నలుగురు ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. పాట ఆగిన చోట జనమంతా తిరిగి ఆనందం వైపు చూశారు. ఆయన పెదవులు మాత్రం కదిలాయి.

ఆలూరు నుంచి వచ్చిన స్వర్ణలత ఆయన పక్కకు జరిగి, "నాయనా, ఒక్క చరణం… ఏమైతే అదైతాది, పాడు" అంది.

ఆనందం కూతురి మొహం చూశాడు, ఎత్తిపట్టిన ఫోన్లు చూశాడు. తర్వాత గుంత తవ్విన కూలివాడి చేతిలోంచి పార తీసుకుని మట్టి తోయడం మొదలుపెట్టాడు. గుంత నిండేదాకా ఆ పార ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.