నాలుగు రేకల పత్తిపువ్వు

శేషాచలం కుదురుగా ఒకచోట కూర్చోగా చూసినవాళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఎవరూ లేరు. బొమ్మ గీసేటప్పుడు కూడా అరగంటకోసారి లేచి వీధిలోకి వెళ్ళి వచ్చేవాడు. ఊరగాయ సీసాల మీద మామిడికాయ, కారం పొట్లాల మీద మిరపకాయ, పురుగుమందు డబ్బాల మీద పత్తిచేను, అన్నీ ఆయన చేతివే. ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. లేబుల్ మీద కంపెనీ పేరుంటుంది, అచ్చువేసిన ప్రెస్సు పేరుంటుంది, గీసినవాడి పేరుండదు. అదే ఆయన్ని లోపల తొలిచేసేది. ఏ ఎరువుల కొట్టు కనపడినా లోపలికి దూరి, తన బొమ్మ వీధివైపు వచ్చేలా డబ్బాలు తిప్పిపెట్టేవాడు. "బొమ్మ ఎలా ఉందండీ?" అని అడిగితే కొట్టువాడు, "బొమ్మదేముందండీ, పురుగు చస్తే చాలు" అనేవాడు. అంతమాటకే ఆయనకు రెండురోజులు అన్నం సయించేది కాదు. ఏం మనిషో!

అన్నిట్లోకీ పేరయ్యగారి కంపెనీ పురుగుమందు డబ్బా బొమ్మంటే ఆయనకు ప్రాణం. అది గీసింది 1979లో. పేరయ్యగారు తన చేలోంచి పురుగు పట్టిన పత్తికాయలు సంచినిండా పంపితే, బల్లమీద పోసుకుని పదిహేను రోజులు చూశాడు. పురుగులు గోడలెక్కి, భార్య కామేశ్వరి ఆరేసుకున్న చీర మీదికి పాకాయి.

"సంసారం చేస్తున్నారా, పురుగుల్ని పెంచుతున్నారా?" అని ఆవిడ లబలబలాడింది.

ఆయన వినిపించుకుంటేగా! తలను కాయలోకి దూర్చి, సగం ఒళ్ళు బయట వదిలేసి పురుగు ఎలా తింటుందో, తిన్నచోట తడి పెంటిక ఎలా పోగుపడుతుందో, పక్క ఆకు అంచు ఎలా ముడుచుకుంటుందో అంతా సన్నకుంచెతో దించాడు. ఘడియసేపు నిలకడలేని మనిషికి అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

అయితే ఆ సంచిలో పువ్వులు రాలేదు. పువ్వు లేకపోతే బొమ్మ బోసిగా ఉందనిపించి, ఒకటి ఊహించి వేసేశాడు. పుట్టింది అర్చకుల ఇంట. మందారాన్నీ నందివర్ధనాన్నీ గన్నేరునూ కళ్ళుమూసుకుని వేలితో తడిమి చెప్పగలడు. పత్తిని ఒత్తులు చేయడం చిన్ననాడే వచ్చు. పత్తిపువ్వు మాత్రం వాళ్ళింటి పూజ సజ్జలోకి ఏనాడూ రాలేదు, కాబట్టి దాని మొహం ఎరగడు. నాలుగు రేకలు వేశాడు.

మరుసటి ఏడు చిలకలూరిపేట వెళ్తుంటే బస్సు టైరు పంక్చరైంది. దిగి గట్టుమీద నిలబడ్డాడు. ఎదురుగా విరగబూసిన పత్తిచేను. దగ్గరున్న పువ్వుకు ఐదు రేకలు. పక్కదానికీ ఐదే. చేలోకి దిగి ఇరవై పువ్వులు చూశాడు. ఎక్కాల్సిన బస్సు హారన్ కొడుతున్నా వినపడలేదు.

పేరయ్యగారికి చెబితే పడీపడీ నవ్వారు. "పువ్వు రేకలు ఎవడు లెక్కెడతాడండీ? శివకాశిలో అచ్చయి కూర్చుంది, వదిలెయ్యండి!"

వదిలెయ్యడం ఆయన వల్ల అయ్యే పనా? అప్పట్నుంచి ఏ కొట్లోకి వెళ్ళినా తక్కిన డబ్బాలు వీధివైపుకీ, ఆ ఒక్క డబ్బా గోడవైపుకీ తిప్పి వచ్చేవాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

1986లో అచ్చు ప్లేట్లు అరిగిపోయాయి, అదే బొమ్మ మళ్ళీ గీయమన్నారు. శేషాచలం ఎవరికీ చెప్పకుండా ఐదో రేక వేసేశాడు. ఆ పూట కడుపునిండా భోంచేశాడు.

కొత్త డబ్బాలు కొట్లకు చేరిన పదిరోజులకు పేరయ్యగారు రిక్షా దిగి సరాసరి లోపలికొచ్చారు.

"బొమ్మలో ఏం మార్చారు? పర్చూరు రైతులు కొత్త డబ్బా ముట్టుకోవట్లేదు, కల్తీ మందంటున్నారు. చేలల్లో పురుగు పడింది. వారంలో మందు కొట్టకపోతే వాళ్ళకి కాయ మిగలదు!"

"ఒక్క రేక..." అని నీళ్ళు నమిలాడు శేషాచలం.

"మీరే వచ్చి వాళ్ళకి చెప్పండి. లేకపోతే ఇక మీ బొమ్మలు నాకొద్దు."

పర్చూరులో అబ్దుల్ ఖాదర్ పురుగుమందుల కొట్టు రైతులతో కిటకిటలాడుతోంది. హనుమాయమ్మ అనే ఆసామీ ఇంటినుంచి పాత డబ్బా తెచ్చి, కొత్తదాని పక్కన ఠపీమని పెట్టింది.

"చూడండి పంతులుగారూ, అసలుదానికి నాలుగు రేకలు. దీనికి అయిదు. ఎవడో దొంగ, చేలో పువ్వు చూసొచ్చి మరీ గీశాడు. అసలు కంపెనీ ఆయనకి పువ్వు తెలిస్తేగా!"

జనం గొల్లున నవ్వారు. శేషాచలం రెండు డబ్బాలనూ దగ్గరికి లాక్కున్నాడు.

"నాలుగు తప్పని మీకు తెలుసా అమ్మా?"

"పత్తి పండించేవాళ్ళం, మాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తది? మొదటేడే నవ్వుకున్నాం. కానీ ఆ పురుగుని చూడండి! చేలో కనపడితే 'డబ్బా మీది పురుగొచ్చిందిరా' అనుకుంటాం. పురుగుని అంత బాగా చూసినోడు పువ్వు మొహం ఎట్టా చూళ్ళేదా అని ఇప్పటికీ మాకు అనుమానమే."

ఇన్నేళ్ళుగా శేషాచలం ఊరూరా తిరిగి అడుక్కున్న మాట ఇదే. "ఆ పువ్వు తెలీనివాణ్ణి నేనేనమ్మా. ఈ కొత్తదీ నేనే గీశాను. మందు అసలుదే" అన్నాడు.

"ప్రతివాడూ నేనే అంటాడు. గీసి చూపించమనండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

ఖాదర్ పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలు అందించాడు. శేషాచలం బల్లమీదికి వంగాడు. కాయ వచ్చింది. కాయలో తలదూర్చిన పురుగు వచ్చింది, పెంటిక వచ్చింది, ముడుచుకున్న ఆకు వచ్చింది. తర్వాత పువ్వు మొదలుపెట్టాడు. నాలుగో రేక అయ్యేసరికి పెన్సిలు ఆగింది. ఐదోదానికి చోటుంది. ఆరేళ్ళు తనని నిద్రపోనివ్వని ఆ రేక కోసం వేళ్ళు జివ్వుమంటున్నాయి. తలెత్తి చూశాడు. అందరూ తన చేతినే చూస్తున్నారు. పెన్సిలు కింద పెట్టేశాడు.

"ఈయనేరా!" అంది హనుమాయమ్మ. కొత్త డబ్బాలు రెండు చంకన పెట్టుకుంది. ఆవిడ వెనకే జనం బల్లమీదికి ఎగబడ్డారు. మెట్లు దిగబోతూ ఆవిడ ఆగి వెనక్కి తిరిగింది.

"పైయేడు మళ్ళీ నాలుగే వెయ్యండి పంతులుగారూ. లేకపోతే మీరు పోయారనుకుంటాం."