పాకాల దగ్గర కూసున్నమ్మ

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. ఒక ఆదివారం సంచికలో పెద్దమనిషి ఒకాయన రాశాడు: గ్రీకులకు నాట్యానికంటూ ఒక దేవత ఉంది, పేరు టెర్ప్సికోరి, యూరప్‌లో నాట్యశాలలకు ఆమె పేరు పెట్టుకుంటారు, చిత్రకారులు ఆమెను గీశారు, శిల్పులు చెక్కారు, నాట్యాన్ని అంతగా గౌరవించే సంస్కారం మనకెప్పుడు అబ్బుతుందో అని. పేపరు విసిరికొట్టాను. ఆడినవాళ్ళను ఊరి చివరికి తరిమి, వాళ్ళ ఆటను మాత్రం పట్నం సభల్లోకి తెచ్చుకుని, ఇప్పుడు సంస్కారం లేదని ఏడుపా? ఆ దేవత సంగతేమిటో చూద్దామని తిరుపతి లైబ్రరీలో పాత విజ్ఞాన సర్వస్వం తిరగేశాను. కళలకు దేవతలు తొమ్మిదిమంది అక్కచెల్లెళ్ళు. తండ్రి దేవతల రాజు. తల్లి పేరుకు అర్థం జ్ఞాపకం. పక్కనే బొమ్మ. నాట్యదేవత అన్న మాటేగాని ఆమె ఆడడం లేదు. ఒళ్ళో వీణలాంటి వాద్యం పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆ కూర్చోవడం నన్ను నలభై ఏళ్ళ వెనక్కి లాక్కుపోయింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు పాకాల పక్క ఒక పెళ్ళిలో మేజువాణి చూశాను. మా నాయన బడిపంతులు. ఆడపిల్లలను గుడికి రాసిచ్చి ఆడించే ఆచారం పోవాలని సభల్లో మాట్లాడేవాడు. చుట్టరికం తప్పక ఆ పెళ్ళికి వచ్చాడు, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. నట్టువాంగం తాళాలు ఆగాక నాట్యకత్తె తివాచీ మీద కూర్చుని ఒక పదం పట్టింది. వాన వచ్చే ఘట్టం. ఆమె ఆకాశం వైపు చూడలేదు. తన ఎడమ మణికట్టు వైపు చూసింది, అక్కడేదో పడినట్టు వేలితో మెల్లగా తుడిచింది. పందిట్లో జనమంతా తలలెత్తి పైకి చూశారు. మా నాయనతో సహా. తర్వాత ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది, మేజువాణీలు ఆగిపోయాయి, ఆమె ముఖం కూడా నాకు చెదిరిపోయింది. మణికట్టు మాత్రం మిగిలింది.

ఇదంతా ఆఫీసులో చెబితే పాకాలవాడైన ఒక మిత్రుడు నవ్వి, "మా పక్క ఊర్లో మేళంవాళ్ళ ఇంటి పంచలో వీణ పట్టుకున్న దొరసాని బొమ్మ ఉండాది, పోయి సూడు" అన్నాడు. మేళంవాళ్ళంటే ఆ నాట్యకత్తెల కుటుంబాలే. ఇక నిద్ర పట్టలేదు.

ఫిబ్రవరి నెల. తిరుపతిలో పొద్దున్నే కాట్పాడి వైపు పోయే చిన్న రైలెక్కాను. పాకాలకు టికెట్టు మూడు రూపాయల లోపే. కుడివైపు కిటికీ దొరికితే చంద్రగిరి కొండ, కోట కనిపిస్తాయి, బొగ్గు నలుసులు కూడా కంట్లో పడతాయి. మామిళ్ళు పూతమీద ఉన్నాయి, గానుగల దగ్గర బెల్లం కాగుతున్న వాసన పెట్టెలోకి వచ్చేది. పాకాల జంక్షన్‌లో ఇడ్లీ తిని కాఫీ తాగి, మేళంవాళ్ళ ఇంటి బొమ్మ దగ్గరికని రెండు రూపాయలకు జట్కా మాట్లాడుకున్నాను.

"కూసున్నమ్మ ఇంటికా సామీ? మొక్కుబడి ఉండాదా?" అన్నాడు జట్కా అతను.

"మొక్కుబడి కాదు, చూడడానికి."

"సూసేదానికేముండాది? ముక్కు గూడా లేదు ఆయమ్మకు. పరీచ్చలప్పుడు పిల్లోళ్ళు వచ్చి పసుపు పూసి పోతారు, సదువులమ్మ అని. పోయినేడు మా వోడు గూడా పూసినాడు."

"పాసయ్యాడా?"

"యాడ? ముక్కు లేనమ్మకు వాసన తెలీలేదేమో, వీడు పూసినాడని." గుర్రాన్ని అదిలించి తనే నవ్వుకున్నాడు.

పెంకుటింటి పంచలో ఉంది బొమ్మ. పాలరాయి, నడుమెత్తు. ముక్కు విరిగింది, వాద్యం సగమే మిగిలింది, బుగ్గల నిండా పసుపు. మెడలో పూలదండ లేదు. కాలిగజ్జెల జత వేలాడుతోంది. కూర్చున్న తీరు చూడగానే గుర్తుపట్టాను, ఆవిడే. చెన్నపట్నం కంపెనీల ద్వారా విదేశీ బొమ్మలు తెప్పించుకుని బంగళాలు నింపుకున్న జమీందార్ల సరదా ఇది.

"నిలబడి సూసే బొమ్మ కాదు. కూసో సామీ," అంది లోపలినుంచి వచ్చిన ముసలావిడ. మునిరత్నమ్మ. అరవై దాటి ఉంటాయి, వీపు మాత్రం నిటారు.

నేను నేల మీద కూర్చుని గ్రీకు కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "తొమ్మిది మందా? పెండ్లిండ్లు అయినాయా?" అని అడిగింది. ఆ సంగతి పుస్తకంలో సరిగా లేదన్నాను. "అట్లయితే మా మాదిరే," అని నవ్వింది. "జమీ పోయినప్పుడు బంగళా సామాన్లు తలా ఒకటి మోసుకపోయినారు. ఇరిగిన బొమ్మను ఎవురింట్లో పెట్టుకుంటారు? మా అమ్మ తెచ్చింది. కూసోని ఆడేది మనమేగదా, ఈయమ్మ మనదే అనింది."

చిన్నప్పటి పెళ్ళి సంగతి చెప్పి, ఆడింది మీరేనా అని అడిగాను.

"నేనే కావచ్చు, మా అక్క కావచ్చు. సూసేవాళ్ళకు మేమంతా ఒగటే గదా."

నాకు ఆవేశం వచ్చింది. మీ ఆటను దోచుకున్నారు, చట్టం పేరుతో మిమ్మల్ని వెళ్ళగొట్టారు, పేపర్లో గ్రీకు దేవతకు చోటుంది, మీకు లేదు అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపింది.

"చట్టాన్ని అనొద్దు సామీ. అది వచ్చినపొద్దు నేను గంగమ్మకు టెంకాయ కొట్టినాను. మా పాప చిత్తూర్లో నర్సుగా ఉండాదంటే, మొగుడితో కాపరం చేస్తాండాదంటే, దానివల్లే. నువ్వు సూసింది ఆట. మేం బతికింది తెల్లారినాక."

వాదన వదలడం నాకు చేతకాదు. "ఆచారం పోవాల్సిందే. ఆట ఎందుకు పోవాలి?" అన్నాను.

ఆమె మనవరాలు విజయ తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఎనిమిదో తరగతి, అవ్వ దగ్గర ఉండి చిత్తూరు బడికి పోయి వస్తుంది, ఆ సాయంత్రమే బడి వార్షికోత్సవం. వానపాటకు ఆడుతుంది. ఆ గజ్జెలు కావాలని వారం రోజులుగా పోరుతోందట.

"అవ్వా, ఆయప్ప కూడా చెప్తాండాడు గదా. ఇయ్యి."

"ఆయప్ప రాసుకోని రైలెక్కి పోతాడు. నువ్వు ఈడనే ఉండల్ల. ఆ గజ్జెలు కడితే ఎవురింటి పిల్లని అడుగుతారు."

"అడిగితే చెప్తా. మా అవ్వ నేర్పిందని చెప్తా."

"నేను యాడ నేర్పితి? అబద్ధం ఎందుకు చెప్పల్ల?"

"అట్లయితే నేర్పు!"

మునిరత్నమ్మ నా వైపు చూసింది, ఈ పిల్లకు నువ్వే నూరిపోసినావా అన్నట్టు. గజ్జెలు తియ్యలేదు. ఉలవచారుతో సంగటి పెట్టింది. తిన్నాక కోకచెంగు సర్దుకుని, "పాండి, నేనూ వస్తా. యాడో ఎనకమాల కూసుంటా," అంది. పిల్ల బడికి ఆమె పోవడం అదే మొదటిసారి.

పూతలపట్టు దాకా నడక, జట్కా కలిపి వెళ్ళి, అక్కడ చిత్తూరు బస్సు పట్టుకున్నాం. తలా ఒకటిన్నర రూపాయి, గంటలోపు ప్రయాణం. బడి ఆవరణలో షామియానా వేశారు. ముఖ్య అతిథి క్రమశిక్షణ గురించి మాట్లాడినంతసేపూ మునిరత్నమ్మ వక్కాకు నమిలింది. విజయ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న గజ్జెలు కట్టుకుని ఆడింది. పిల్ల కాళ్ళలో చురుకుంది. వాన అన్నచోట రెండు చేతులూ ఎత్తి ఆకాశం వైపు చూసింది. చప్పట్లు బాగానే పడ్డాయి. టీచరమ్మ మైకు పట్టుకుని, ముచ్చటపడి అడిగింది, "ఎవరమ్మా నీకు నేర్పింది?"

"మా అవ్వ. మునిరత్నమ్మ."

మైకులో ఆ పేరు గేటు దాకా వినబడింది. మా ముందు వరసలో ఒకాయన పక్కవాడితో, "ఓహో, మేళంవాళ్ళ పిల్లా? అదీ సంగతి," అని కిసుక్కుమన్నాడు. నేను లేచాను. నా జీవితంలో సగం తగవులు ఇలాగే మొదలయ్యాయి. మునిరత్నమ్మ నా చొక్కా పట్టి లాగింది.

"కూసో సామీ. ఎనకాలోళ్ళకు కనబడొద్దా?" తర్వాత ముందుకు వంగి ఆయన భుజం తట్టింది. "అవునప్పా, మేళంవాళ్ళ పిల్లే. మునిరత్నమ్మ నేనే. బాగా ఆడిందా?"

ఆయన మెడ తిప్పలేకపోయాడు. "ఆడింది," అన్నాడు.

"యాడ బాగా ఆడింది? వాన తప్పు పోయింది," అని ఆమె మళ్ళీ నిటారుగా కూర్చుంది.

విజయ తల్లి ఆసుపత్రి నుంచి వచ్చి కూతుర్ని ముద్దుపెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. పొద్దు వాలుతుండగా మేం ముగ్గురం తిరుపతి బస్సెక్కాం. కిటికీ పక్క మునిరత్నమ్మ, మధ్యలో విజయ, ఈ చివర నేను. ఊరు దాటాక ఆమె అంది, "వాన వస్తే పైకి సూస్తారంటే? పైకి సూసేది రాని వాన కోసం. వచ్చిన వాన ముందు నీ మీదే గదా పడేది."

ఎడమ చెయ్యి ఒళ్ళో నుంచి లేచింది. మణికట్టు వైపు చూసింది. ఏదో పడింది అక్కడ. వేలితో మెల్లగా తుడిచింది.

టికెట్లు కొడుతున్న కండక్టరు చెయ్యి చాచి కిటికీ పరదా కిందికి లాగాడు. "యాడిదప్పా ఈ కాలంలో వాన?" అంటూ బయటికి తొంగిచూశాడు. నేను అప్పటికే బస్సు కప్పు వైపు చూస్తున్నాను, మా నాయన చూసినట్టే.

పూతలపట్టులో దిగుతూ విజయతో ఆమె అన్నమాట నాకు వినబడింది. "రేపు తెల్లార్తానే ఆయమ్మ మెడలోవి దించు. గజ్జెలకు తోలు కొత్తది వెయ్యల్ల."

ఆదివారం పెద్దమనిషికి నా జవాబు ఇదే. ఆ గ్రీకు దేవత జ్ఞాపకానికి పుట్టిన బిడ్డ, ఆ తల్లిని మాత్రం నువ్వు మన దగ్గర వెతకలేదు. మనం సిగ్గుపడి పారేసినవాటిలో పారేయాల్సిన ఆచారమూ ఉంది, దాంతోపాటు పోయిన ఆటా ఉంది. రెంటినీ విడదీసే పని మేధావులది అనుకుని ఇన్నేళ్ళూ రాస్తూ వచ్చాను. ఆ పని ఒక పిల్ల మైకు ముందు ఒక పేరు చెప్పి మొదలుపెట్టింది. చంద్రగిరి కొండ చీకట్లో కలిసిపోయేదాకా మా నాయన గుర్తొస్తూనే ఉన్నాడు. సభల్లో ఆయన అన్న ప్రతి మాటా న్యాయమే. ఆ పందిట్లో తలెత్తి పైకి చూడడమూ న్యాయమే. రెండూ ఒకే మనిషివి.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పొద్దుటి రైలుకే బయలుదేరండి, పాకాలలో గ్రీకు పేరు అడగకండి, కూసున్నమ్మ ఇల్లంటే జట్కావాళ్ళు తీసుకుపోతారు. పంచలోకి వెళ్ళగానే నేల మీద కూర్చోండి. నిలబడి అడిగేవాళ్ళకు ఆ ఇంట్లో బొమ్మ తప్ప ఏమీ కనబడదు.